కోడల్ని అడగరాని మాట

అది మా ఊరి చెరువు కోడి పోయిన, అంటే అలుగు పారిన ఏడాది. అంతకు ముందు ఇరవై ఏండ్లు ఆ చెరువులో తుమ్మ చెట్లే తప్ప నీళ్ళు చూసినవాళ్ళు లేరు. కార్తీకంలో పట్టిన వాన పదిహేను దినాలు విడవలేదు. చెరువు నిండి, కోడి మీద నుంచి మోకాటి లోతు నీళ్ళు దూకాయి. క్యాసంబళ్ళి రోడ్డు రెండు చోట్ల తెగింది. ఆ వాన వెనక వచ్చిన ఎండాకాలంలోనే మా ఇంట్లో ఇది జరిగింది.

నేలలో నీళ్ళుంటే మల్బరీ ఊరుకోదు. ఉగాదికే తోట మనిషెత్తు లేచింది. ఈ ఎండాకాలం రెండు పంటలు తీద్దామంది మా ఆవిడ రామక్క. పట్టుపురుగుల సంగతిలో మా ఇంట్లో ఆమె మాటే మాట. నేను కోలారు బంగారు గనిలో పనిచేసి, గని మూతపడ్డాక ఆమె పుట్టింటి పొలానికి వచ్చి చేరినవాణ్ణి. ఆకు కోస్తాను, మోస్తాను, గడప ముందర దించుతాను. పురుగుల ఇంటి గడప మాత్రం దాటను. బీడీ తాగే చెయ్యి పురుగుకు పడదని ఆమె రూలు.

ఇంకా చాలా రూళ్ళున్నాయి ఆమెకు. లోపలికి పోయేవాళ్ళు స్నానం చేసి పోవాలి. పౌడరు వద్దు, పూలు వద్దు. తాలింపు వాసన ఆ పక్కకు రాకూడదు. ఒకసారి బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ లోపలికి పోవాలంటే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి, చీర మార్చుకోవాలి. ముట్టయిన ఆడది అయిదు దినాలు ఆ గడప తొక్కకూడదు.

మొదటి పంట పోయింది. పురుగు మేత మాని, తల ఎత్తి, పొర విడిచే దినాన్ని మా పక్క జ్వరం అంటారు. అట్లా నాలుగు జ్వరాలు లేచాక వారం దినాలు కడుపారా తిని గూడు కడుతుంది. మా పురుగులు నాలుగో జ్వరం లేచిన మూడో నాడే ఉబ్బిపోయి, ముట్టుకుంటే పాలు కారి చచ్చాయి. తట్టలు తట్టలుగా ఎత్తి గుంతలో పోసి సున్నం చల్లాం. గుంత పూడ్చేటప్పుడు రామక్క ఎవరి ముఖమూ చూడకుండా అంది.

"ఎవురో ముట్టుతో లోపలికి వచ్చినారు. లేకుంటే ఇట్ల పోవు."

లోపలికి పోయేది ఇద్దరే. రామక్క, మా కోడలు నేత్రావతి. రామక్కకు ముట్లుడిగి పదేండ్లు దాటింది.

నేత్రావతి తొట్టి దగ్గర తట్టలు కడుగుతూ ఉంది. చెయ్యి ఆగలేదు, తల ఎత్తలేదు. ఆ పిల్లది గౌనిపల్లి. పెండ్లయి రెండేండ్లు. వచ్చిన కొత్తలో మామిడికాయ కోస్తూ కూడా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. నేను జవాబు చెప్పకపోయినా చెప్పినట్టే అనుకుని తర్వాతి మాటకు పోయేది. గుంత పూడ్చిన నాటి నుంచి ఆ పిల్ల కూడా నా మాదిరే అయిపోయింది.

రెండో పంటకు పురుగులు తెచ్చేసరికి వైశాఖం వచ్చింది. రేకుల కప్పు కింద పదకొండు గంటలకే నిలబడలేము. దినానికి నాలుగు సార్లు మేత. పొద్దున్నే నేను ఒక చెంబు నీళ్ళు గడప ముందర పెట్టేవాణ్ణి. సాయంత్రం నేత్రావతి ఆ చెంబు తీసుకుని పెరట్లో కరివేప మొక్కకు పోసేది. నిండు చెంబు.

మొదటి దినం చూసి ఊరుకున్నాను. మూడో దినం అడిగాను.

"తాగలేదే?"

"దప్పి కాలేదు మామా."

ఆ మాట అనేటప్పుడు పెదవి పగిలి ఉంది. దప్పి కాకపోవడం కాదు. తాగితే ఒంటికి పోవాలి. ఒంటికి పోవాలంటే గడప దాటి, పెరడు దాటి, ఇంటి వెనక గదికి పోవాలి. మళ్ళీ కాళ్ళు ముంచాలి, చీర మార్చాలి. అదంతా చేసి వచ్చేసరికి, ఎన్నిసార్లు పోయింది, ఎందుకు పోయిందని అత్త చూపు. పొద్దున పోయినది పొద్దు గుంకేదాకా బిగబట్టుకుని ఉండేది. నాకు అర్థమయింది. అర్థమయినవన్నీ చెప్పే అలవాటు నాకు లేదు.

పురుగులు నాలుగో జ్వరం లేచాయి. సోమవారం పొద్దున నేను ఆకు మోపు దించి, కట్టు విప్పుతున్నాను. లోపల నేత్రావతి చేతిలోని కొమ్మ కింద పడింది. ఎడమ పక్క, డొక్క కింద చెయ్యి పెట్టి నొక్కుకుంది. కూర్చుంది. లేచింది. గోడకు తల ఆనించింది. మోకాళ్ళ మీద వంగి, నేలకు నుదురు తాకించింది. మళ్ళీ లేచి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. మూలకు పోయి చీర కొంగులోకి కక్కుకుంది. పురుగుల ఇంట్లో నేల మీద కక్కకూడదని ఆ పిల్లకు అప్పుడు కూడా గుర్తుంది.

రామక్క నడుం మీద చెయ్యి వేసి చూసింది.

"నడుము పట్టుకునింది. మోపులు ఎత్తినావు గదా నిన్న. ఇంగ ఏమీ లేదు, దీనికి మందు మనింట్లోనే ఉండాది. ఈయప్పకు గనిలో ఉన్నప్పుడు ఇట్లే పట్టింది. ఇట్లే తిరుగులాడినాడు, ఇట్లే కక్కినాడు. మూడు దినాలు ఇటుక కాచి కట్టినాను. నాలుగో దినం షిఫ్టుకు పోయినాడు. కావాలంటే అడుగు."

నేత్రావతి నన్ను చూసింది. నేను పొయ్యి దగ్గరికి పోయి ఇటుక తెచ్చాను. గోనె గుడ్డలో చుట్టి ఇచ్చింది నేనే.

గనిలో ఉన్నప్పుడు నాకు పట్టింది నడుము కాదు. నడుము పట్టినవాడు కదలడు. కదిలితే ప్రాణం పోతుంది కాబట్టి కొయ్య మాదిరి పడుకుంటాడు. నాకు పడుకుంటే ఆగలేదు, కూర్చుంటే ఆగలేదు, నిలబడితే ఆగలేదు. వెన్ను పక్క పుట్టి, డొక్క చుట్టి, తొడ సందులోకి దిగింది నొప్పి. వచ్చినట్టే పోయేది, పోయిందనుకుంటే వచ్చేది. ఒంటికి పోతే టీ డికాషను రంగు, తర్వాత ఎరుపు. ఆ సంగతి బయటపడితే నేల కింద పనికి పనికిరాడని జీతం తక్కువుండే పైపనికి వేస్తారని భయం. అందుకే గనిలో చెప్పలేదు. గని కూలీల లైన్ ఇండ్లలో ఆడవాళ్ళు కొళాయి దగ్గర మాట్లాడుకుంటారు, అందుకే రామక్కకూ చెప్పలేదు. నడుము పట్టిందన్నాను. మూడో దినం ఇంటి వెనక మోరీ దగ్గర నిలబడితే ప్రాణం పోయినంత పనయి, ఏదో గట్టిగా రాలింది. వడ్లగింజంత రాయి, చుట్టూ ముండ్లు. కాగితంలో చుట్టి ఆండర్సన్‌పేటలో ఒక కాంపౌండరుకు చూపించాను.

"ఇంగ బాధ లేదు. పోయింది," అన్నాడు అతను. "మళ్ళీ వస్తే నీళ్ళు బాగా తాగు. నొప్పి వస్తాది, పోతాది, ఆగొచ్చు. చలి జ్వరం తోడు వచ్చిందనుకో, ఒక్క పూట ఆగొద్దు. ఒంటికి పోయే దోవ మూసుకొని లోపల చీము పట్టిందని అర్థం. అప్పుడు మనిషే దక్కడు."

రాయిని బజారులోనే పడేసి ఇంటికి వచ్చాను. ఇటుకతో నయమైందని రామక్క పదిమందికి చెప్పుకుంది. నేను కాదనలేదు.

మంగళవారం నొప్పి తగ్గింది. నేత్రావతి మేత వేసింది, లద్దె ఎత్తింది. "చూసినావా" అన్నట్టు రామక్క ఇటుకను పొయ్యి గట్టు మీద పెట్టింది. బుధవారం పొద్దున మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ పిల్ల కేక బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. పెరటి గదికి పోయి వచ్చింది. అయిదు నిమిషాలకు మళ్ళీ పోయింది. పోయిన ప్రతిసారీ లోపల రెండు మూడు చెంబులు నీళ్ళు గుమ్మరించిన చప్పుడు. తాగని నీళ్ళన్నీ అక్కడ పోస్తోంది. ఏదో కడిగేస్తోందని నాకు తోచింది.

మా కొడుకు శశి తెల్లవారకముందే బంగారుపేటకు బండి మీద పోయి బెంగళూరు రైలెక్కుతాడు. కంపెనీలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. గురువారం పొద్దున అతను బండి బయటికి తోసేటప్పుడు నేను గేటు దగ్గర నిలబడ్డాను.

"ఏమి నాయనా?"

"నేత్రను ఆస్పత్రిలో చూపించు."

"గ్యాసు అన్నింది నాతో. మాత్ర ఇచ్చినాను. ఆదివారం పిల్చుకపోతాను. అప్పటికి పురుగులు గూడు కట్టేదానికి చంద్రిక ఎక్కుతాయి, అమ్మ కూడా ఏమీ అనదు."

"ఆదివారం దాకా వద్దు. దాన్ని అడుగు. ఒంటికి సరిగ్గా పోతా ఉండాదా, ఏ రంగుకు పోతా ఉండాది..."

శశి హెల్మెట్ పెట్టుకోబోయినవాడు ఆగి నన్ను చూశాడు.

"నువ్వు నోరు తెరిచేదే ఏడాదికి రెండుసార్లు. తెరిస్తే ఆడోళ్ళ ఒంటి సంగతా?" అని నవ్వాడు. రైలుకు టైమయిందన్నాడు. బండి పోయింది.

రామక్కను అడిగాను. ఆమె తోటలో కొడవలి పట్టుకుని ఉంది.

"ఏమే, కోడల్ని ఒక మాట అడుగు. ఒంటికి పోయేటప్పుడు మంట ఉండాదా, ఎర్రగా పోతా ఉండాదా అని."

రామక్క కొడవలి కిందికి దించింది.

"ఎర్రగానా? ఏమి మాట అది? మామవు నువ్వు. నీకు ఎట్ల పుట్టింది ఆ ఆలోచన?"

"అడుగు, అంతే."

ఆమె అడిగింది. ఎట్లా అడిగిందో నాకు వినబడింది. గడప లోపల నిలబడి, గొంతు కట్టె మాదిరి చేసుకుని, "ఏమ్మే, నీకేమన్నా ఎరుపు కనబడతా ఉండాదా? ఉంటే ఇప్పుడే చెప్పు, బయటికి పో. తట్టల మీద చెయ్యి పెట్టొద్దు," అంది.

"లేదత్తా," అంది నేత్రావతి. "ఏమీ లేదు."

అట్లా అడిగితే ఎవరు మాత్రం ఉందంటారు? రామక్క బయటికి వచ్చి నా ముందర నిలబడింది.

"లేదంట. ఇంగ సంతోషమా? తొంభై తట్టలు ఉండాయి లోపల. ఎల్లుండి పండుతాయి. నువ్వు ఆకు కొయ్యి."

ఆకు కోశాను.

శుక్రవారం మధ్యాహ్నం. ఎండకు కాకులు కూడా చెట్టు దిగలేదు. రామక్క పక్కింటి పిల్లమ్మ దగ్గర చంద్రికలు తెచ్చుకోవడానికి పోయింది. చంద్రిక అంటే పండిన పురుగు గూడు కట్టుకునేందుకు వేసే వెదురు తడిక, మావి చాలవు. నేను మోపు దించి తల ఎత్తాను. లోపల నేత్రావతి గోనె పట్ట భుజాల మీద కప్పుకుని మేత వేస్తోంది. ఆ ఉడుకులో, గోనె పట్ట. ఒక్కొక్క కొమ్మ తట్ట మీద పెట్టేటప్పుడు చెయ్యి వణికి ఆకు గలగలమంటోంది. పండ్లు కొట్టుకునే చప్పుడు గడప దాకా వినబడుతోంది.

కాంపౌండరు మాట నాకు ముప్పై ఏండ్ల వెనక నుంచి రాలేదు. పక్కన నిలబడి చెప్పినట్టే వినబడింది.

శశి ఫోనుకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రామక్క వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. వచ్చి మాత్రం ఏమి అడుగుతుంది? మళ్ళీ అదే అడుగుతుంది. ఈ పిల్ల మళ్ళీ అదే చెబుతుంది.

గడప దగ్గరికి పోయి, లోపలికి వీపు పెట్టి, తోట పక్కకు తిరిగి నిలబడ్డాను.

"అమ్మా."

"మామా."

"నేను అట్ల తిరిగి ఉండాను. నిన్ను చూడను. ఒక మాట అడుగుతాను. అడగకూడని మాటే. చెప్పు."

లోపల ఆకు గలగల ఆగింది. పురుగులు మేసే చప్పుడు ఒక్కటే.

"ఒంటికి పోయేటప్పుడు ఎర్రగా పోతా ఉండాదా?"

ఎండ పాదాల దాకా వచ్చింది.

"ఊ," అంది.

"ఎన్ని దినాలుగా?"

"సోమవారం నుంచి. మామా, అది ముట్టు కాదు. ముట్టయి పది దినాలే అయింది. నేను గడప దాటింది తలకు పోసుకున్నాకే. ఇది ఆ దోవ కాదు, నాకు తెలుసు. అత్తకు చెప్పొద్దు మామా. చెప్తే ఈ పంట కూడా నా నెత్తినే పడతాది."

"నొప్పి వీపు పక్క నుంచి ముందరికి వచ్చి కిందికి దిగుతా ఉండాదా?"

"దిగుతా ఉండాది."

"మాటిమాటికీ పోవాలనిపిస్తాది. పోతే రెండు చుక్కలు."

"ఈ పొద్దు ఆ రెండు చుక్కలు కూడా రాలేదు." కొంచెం ఆగి, "నీకెట్ల తెలుసు మామా?" అంది.

"నాకు కూడా వచ్చింది. చలి ఎప్పటి నుంచి?"

"తెల్లారి నుంచి."

వెనక ఏదో కూలిన చప్పుడయింది. తిరిగాను. తట్టల స్టాండు కాలు పట్టుకుని నేత్రావతి నేల మీద కూర్చుని ఉంది. గడప దాటి పోయి పట్టుకున్నాను. చెయ్యి పెనం మాదిరి కాలింది. అక్కడి నుంచే మునేష్‌కు ఫోన్ చేశాను. వాడికి ఆటో ఉంది, మా వీధి చివర.

రామక్క నెత్తిన చంద్రిక పెట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి నేను లోపల ఉన్నాను. ఆమె ఆగిపోయింది.

"యాడుండావప్పా నువ్వు?"

"లోపల."

"బయటికి రా. ఆ బీడీ చేతులతో..."

"మునేష్ వస్తా ఉండాడు. ఈ పిల్లను కోలారుకు పిల్చుకపోతా ఉండాను."

"నడుము పట్టుకా? రేపు పండుతాయి. ఒక్క దినం. ఒక్క దినం ఆగలేరా మీరు?"

"నడుము పట్టు కాదు. కిడ్నీలో రాయి. చలి జ్వరం కూడా వచ్చింది."

"నీకెవురు చెప్పినారు రాయి అని?"

"నాకు అప్పుడు వచ్చింది అదే. నువ్వు ఇటుక కట్టినావే, అప్పుడు. రాయి మోరీ కాడ పడిపోయింది. నీతో చెప్పలేదు."

రామక్క చంద్రికను దించి గోడకు ఆనించింది. అది జారింది. మళ్ళీ ఆనించింది.

"ముప్పై ఏండ్లుగా ఇటుక ఇటుక అని ఊరంతా చెప్తా ఉండాను నేను. పిల్లమ్మ మొగుడికి కూడా కట్టించినాను." ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఆ పొద్దే చెప్పుంటే నీదేమి పోయింటాది?"

నేను వంగి నేత్రావతి చెయ్యి పట్టుకున్నాను.

నేత్రావతి స్టాండు పట్టుకుని లేచి నిలబడాలని చూసింది. "అత్తా, రక్తం పడతా ఉండాది. ఒంటికి పోయేటప్పుడు. ముట్టు కాదత్తా."

రామక్క తట్టల వైపు చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. నేను ఆ పిల్ల చెయ్యి విడవలేదు. ఆ చూపు తిరిగి ఎక్కడికి వస్తుందో నాకు తెలియలేదు. రామక్క కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచకుండానే లోపలికి వచ్చి, కోడలి మెడ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

"కాగుతా ఉండాది," అంది.

"మొదటి పంటకు కూడా నేను అట్ల రాలేదత్తా."

"ఇప్పుడు ఆ మాటెందుకు? నడు."

ఆటో రోడ్డు మీదే ఆగింది. ఇద్దరం చెరొక పక్క పట్టుకుని నడిపించాం. ఎక్కించాక రామక్క తన పాత శాలువ తెచ్చి కోడలి చుట్టూ కప్పి, అంచు కాళ్ళ కింద దోపింది. తాను ఎక్కలేదు.

"నువ్వు పో. నేను, పిల్లమ్మ చూసుకుంటాము పురుగుల్ని. మునేషూ, గుంతలు చూసుకొని తోలు. బేగ పో."

రెండూ ఒక్కసారి ఎట్లా కుదురుతాయో మునేష్ అడగలేదు. ఆటో బంగారుపేట దాటింది. దాటాక నేత్రావతి మాట్లాడింది. గౌనిపల్లిలో వాళ్ళ తోట, కాయలు దించడానికి వచ్చిన పెద్దనాయన, ప్రేమ అని ఎవరో పిల్ల. అదంతా జ్వరంలో మాట. నేను "ఊ" అన్నాను. ఆగితే మళ్ళీ "ఊ" అన్నాను. మాట ఆగకుండా చూసుకోవడం ఒక్కటే నేను చెయ్యగలిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు. కన్నడంలో అడిగింది. ఎన్ని దినాలు, ఏ పక్క, కక్కిందా, చలి ఎప్పుడు, రంగు ఏమిటి. నేత్రావతి నావైపు చూసి తల దించుకుంది. అన్నిటికీ నేనే చెప్పాను. ఎరుపు అని చెప్పాను. ఈ పొద్దు చుక్క కూడా రాలేదని చెప్పాను. పక్కన రాసుకుంటున్న ఆయన తల ఎత్తి, "మీరు తండ్రా?" అన్నాడు.

"మామను."

స్కానింగ్ అయింది. డాక్టరమ్మ మెల్లగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఎడమ కిడ్నీ నుంచి దిగే గొట్టంలో రాయి అడ్డం పడింది. పైన మూత్రం నిలిచి చీము పట్టింది. ఆ చీము రక్తంలోకి దిగడం మొదలయింది. ఇప్పుడే లోపల ట్యూబు వేసి దోవ తెరవాలి. రాయి సంగతి తర్వాత.

"తెరిస్తే సరిపోతాదా అమ్మా?"

"ఇప్పుడే చెప్పలేను. బయట బ్యాగ్ పెడతాము. రేపు పొద్దునకు అందులోకి ఎంత వస్తుందో, ఏ రంగుతో వస్తుందో చూడాలి. బాగా వచ్చి, తేటపడితే కిడ్నీ, మనిషి రెండూ మనకు దక్కినట్టే. రాకపోతే బెంగళూరుకు పంపాలి. అంత దూరం తట్టుకుంటుందా అని నా భయం."

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకోబోయి, నేను సంతకం చేస్తానంటే పెన్ను ఇచ్చారు.

శశి వచ్చేసరికి చీకటి పడింది. పని వదిలాక ఫోనులో నా కాల్ చూసి, సంగతి తెలుసుకుని, రైలు దిగి నేరుగా వచ్చాడు. అప్పటికి ట్యూబు వేసి వార్డుకు తెచ్చారు. మంచం పక్కన వేలాడే బ్యాగులో అడుగున కొంచెం, మురికి ఎరుపు, కలకబారి ఉంది. వంద గీతను కూడా తాకలేదు. శశి దాన్ని చూసి ముఖం తిప్పుకుని బయటి వరండాలోకి పోయాడు. నేనూ పోయాను.

"గేటు కాడ చెప్పినావు గదా నాయనా," అన్నాడు. "నేను నవ్వినాను."

"నేను ఇంకా ముందే చెప్పాల్సింది," అన్నాను. సోమవారం నాడు ఇటుక తెచ్చిచ్చిన సంగతి అతనికి తెలియదు. అదీ చెప్పాను.

రామక్క రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ పురుగుల మాట ఎత్తలేదు. ఆ పంట సగమే గూడు కట్టిందని మాకు తెలిసింది చాలా దినాల తర్వాత. ఎవరి వల్ల అని ఆమె అనలేదు, మేము అడగలేదు.

తెల్లవారింది. శశి రక్తం పరీక్ష చీటీ తీసుకుని కిందికి పోయాడు. నర్సు వచ్చి నేత్రావతి నుదురు తాకి, థర్మామీటరు చూసి కాగితంలో రాసింది. బ్యాగు ఖాళీ చేసి కొలవాలంది.

"ఆడవాళ్ళు ఎవరూ రాలేదా?"

"లేరు. నేనుండాను."

ఆమె నన్ను ఒకసారి చూసింది. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు చేతికిచ్చి, బ్యాగు అడుగున చిన్న మూత ఎట్లా తిప్పాలో చూపించి, కొలత కాగితంలో రాయమని చెప్పి, తర్వాతి మంచానికి పోయింది. నేత్రావతి మెలకువగానే ఉంది. నేను మంచం పక్కన గొంతుకూర్చోగానే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

మూత తిప్పాను. వచ్చింది. ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. మగ్గు బరువెక్కింది. మూత బిగించి, లేచి, మగ్గును కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎండకు ఎత్తి చూశాను. ఎండు గడ్డి రంగు. ఎరుపు ఉందా లేదా అన్నట్టు ఉంది. అడుగున కలక లేదు. మగ్గు అవతల కిటికీ కమ్మీలు కనబడ్డాయి.

"అమ్మా," అన్నాను. "తేటపడింది."

దుప్పటి లోపల నుంచి గొంతు వచ్చింది.

"ఎంత వచ్చింది మామా?"

"ఆరు వందల గీత దాటింది."

"రాత్రి?"

"వంద కూడా లేదు."

దుప్పటి కళ్ళ దాకా దిగింది. ఆ పిల్ల మగ్గు వైపు చూసింది. చూడాలన్నట్టు చెయ్యి చాపితే దగ్గరికి తెచ్చి చూపించాను. ఇద్దరం చూశాం.

బాత్రూములో పారబోసి, మగ్గు కడిగి వచ్చి, మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితంలో ఏడు గంటల గడిలో అంకె రాశాను. నర్సు మళ్ళీ తొమ్మిదికి కొలవమంది. గడియారం కనబడేట్టు స్టూలు జరుపుకుని కూర్చున్నాను.